అద్దంలో చెట్టు

మొన్న ఒక పని మీద ఒక ఆఫీసుకి వెళ్లి, పిలిచేదాకా ముందు హాల్లో కూర్చున్నాను. ఒక కుర్రాడు గాజు తలుపు మీద ఏదో ద్రావణం చిమ్మి గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ ఘాటు ముక్కుకి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మోనియా! ఆ ఒక్క వాసనతో ఎక్కడో అడుగున పడి ఉన్న రోజులన్నీ పైకి వచ్చేశాయి.

నేను ఆఫీసులకీ, షాపులకీ లోపలి డ్రాయింగులు గీసే పనిలో చేరిన కొత్తలో అన్నీ చేత్తోనే గీసేవాళ్లం. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో గీసి, దాన్ని రసాయనం పూసిన కాగితంతో కలిపి వెలుతురు చూపించి, తర్వాత ఆ కాగితానికి అమ్మోనియా ఆవిరి పట్టేవాళ్లు. గీతలు నీలంగా తేలేవి. ప్రింట్ గదిలోంచి వచ్చే మనిషి ఎప్పుడూ కళ్లు తుడుచుకుంటూనే వచ్చేవాడు. అతని చేతిలో కాగితం ఇంకా వెచ్చగా, కొంచెం చెమ్మగా ఉండేది. దాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా ఏదో ఒక బరువు పెట్టి, అందరం చుట్టూ చేరేవాళ్లం.

మేం గీసే ఆ హాలు చప్పుళ్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. టీ-స్క్వేర్ బల్ల అంచున జారే చప్పుడు. ఇంకు పెన్ను ఆడించినప్పుడు లోపలి బరువు కొట్టుకునే టిక్ టిక్. తప్పు గీతని సగం బ్లేడుతో గీకుతుంటే వచ్చే కరకర. ఎవరి దగ్గరైనా ఆ కరకర ఎక్కువసేపు వినిపిస్తే మా ఆఫీసు పెద్దాయన తల ఎత్తి చూసేవారు. ఒక్క మాటా అనేవారు కాదు. ఆ చూపు చాలు.

హాలుకి ఉత్తరం వైపు పొడుగాటి కిటికీలు. ఎండ నేరుగా పడదు, వెలుగు మాత్రం సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. బల్లలన్నీ ఎడమ వైపు నుంచి వెలుగు వచ్చేలా వేసి ఉండేవి. కుడిచేత్తో గీసేవాళ్లకి చేతి నీడ గీత మీద పడకూడదని. నాతో పాటే చేరిన ఒకతనిది ఎడమచేతి వాటం. మొదటి వారమంతా ఒళ్లు వంకర చేసుకుని, నీడ తప్పించుకుంటూ గీశాడు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న వచ్చేసరికి అతని బల్ల ఒక్కటీ అటు తిరిగి ఉంది. పెద్దాయన ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లాక తిప్పించారట. ఆ వరసలో ఆ ఒక్క బల్లా అడ్డంగా, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండేది. వచ్చినవాళ్లు అడిగేవాళ్లు కూడా. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ అది అలాగే ఉంది.

*

కొత్తగా చేరినవాడికి మొదట దొరికే పని టేపు చివర పట్టుకోవడం. పాత ఆఫీసుకి వెళ్లి గోడలు, కిటికీలు, స్తంభాలు కొలుచుకు రావాలి. పెద్దాయన నా చేతికి రెండు పుస్తకాలు ఇచ్చారు. ఒకటి కొలతలకి. రెండోది ఎందుకని అడిగితే, "గోడలు ఎవడైనా కొలుస్తాడు. ఇక్కడ పనిచేసేవాళ్లు ఏం అంటించుకున్నారో, ఏం కట్టుకున్నారో, ఏది తిప్పుకున్నారో అది రాయి," అన్నారు.

అప్పుడు అర్థం కాలేదు. చెప్పారు కదా అని రాశాను. కిటికీ అద్దానికి అంటించిన పాత క్యాలెండర్ కాగితం: మధ్యాహ్నం ఎండ కళ్లలో పడుతోంది. బల్ల కాలి కింద మడిచి పెట్టిన అట్ట: నేల ఎగుడుదిగుడు. కుర్చీ వీపుకి కట్టిన చిన్న దిండు. స్టార్టర్ ఊడదీసిన ట్యూబ్‌లైట్. తలుపు మూసుకోకుండా గొళ్లానికి చుట్టిన గుడ్డపీలిక. గోడలు కొలిచిన పుస్తకాలు ఎప్పుడో పోయాయి. ఈ రెండో రకం పుస్తకాలు మాత్రం ఇప్పటికీ నా అలమరలో ఉన్నాయి.

*

నేను సొంతంగా గీసిన మొదటి పెద్ద పని ఒక టైపింగ్ హాలు. పాత హాలుకి కొలతలు తీసుకున్న రోజు బాగా గుర్తుంది. వరసగా టైప్‌రైటర్లు, ప్రతి దాని కింద మందపాటి కంబళి ముక్క. గోడల పొడుగునా చెక్క ర్యాకులు, వాటి నిండా పొంగిపొర్లే ఫైళ్లు, దుమ్ము. అంత చప్పుడులోనూ ఇద్దరు మామూలు గొంతుతో మాట్లాడుకుంటుంటే వినిపించేది. నాకది వింతగా అనిపించలేదు, ఎందుకని ఆలోచించనూ లేదు. రెండో పుస్తకంలో కంబళి ముక్కల గురించి రాశాను. ఫైళ్ల గురించి రాయలేదు.

కొత్త హాలు మెరిసిపోయింది. నునుపైన రాతి నేల, గాజు పార్టిషన్లు, తలుపులున్న స్టీలు బీరువాలు. ఫోటోలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే కబురు వచ్చింది, సాయంత్రమయ్యేసరికి అందరికీ తలనొప్పి అని. వెళ్లి అరగంట కూర్చున్నాను. నాకే తల దిమ్మెక్కింది. ఒక మీట నొక్కితే ఆ చప్పుడు గాజుకి తగిలి, రాతికి తగిలి, స్టీలుకి తగిలి మళ్లీ వచ్చేది. మాట వినపడక అందరూ గొంతు పెంచారు, పెంచేసరికి మరీ వినపడలేదు.

ఆ రోజుల్లోనే పెద్దాయన నాకు వాలెస్ సబీన్ కథ చెప్పారు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. పలికిన మాట ఐదు సెకన్లకి పైగా గదిలోనే తిరుగుతూ ఉండేది. ఎందుకో తేల్చమని భౌతికశాస్త్రం చెప్పే కుర్ర అధ్యాపకుడు సబీన్‌కి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు, ఊరు సద్దుమణిగాక, దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి ఈ గదిలో పరిచాడు. కొన్ని మెత్తలు వేసి, ఆర్గన్ వాద్యపు గొట్టం ఒకటి మోగించి, చప్పుడు ఎంతసేపటికి ఆగిపోతుందో కొలవడం. ఇంకొన్ని వేసి మళ్లీ కొలవడం. తెల్లారేలోగా మెత్తలన్నీ తిరిగి థియేటర్‌కి చేర్చడం. గది ఎంత పెద్దదైతే ధ్వని అంతసేపు నిలుస్తుందని, మెత్తటివి ఎన్ని ఉంటే అంత త్వరగా అణుగుతుందని లెక్క కట్టింది ఆయనే. ఇవాళ్టికీ ఆ లెక్కే వాడతాం.

కథ వింటుంటే మధ్యలోనే నాకు తట్టింది. పాత హాల్లో ఆ దుమ్ముకొట్టుకున్న ఫైళ్లే మెత్తలు! వాటిని నేను స్టీలు తలుపుల వెనక దాచేశాను. సొంతంగా చేసిన మొదటి పని పాడైనందుకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత పైకప్పుకి ధ్వని పీల్చే పలకలు, గోడలకి గుడ్డ చుట్టిన బోర్డులు పెట్టించాం. చాలావరకు తగ్గింది. కానీ ఆ పాత హాల్లో ఉన్నంత నిమ్మళం మళ్లీ రాలేదు.

*

ట్యూబ్‌లైట్ల గురించి కూడా చెప్పాలి. ఆ కాలం ఆఫీసులంటే ట్యూబ్‌లైట్లే. లోపల బరువైన చోకు, దాని గుయ్ మనే రొద. ఆఫీసు మూసే ముందు ఫ్యాన్లు ఆపేస్తే ఆ రొద ఒక్కటే మిగిలేది. స్టార్టర్ ఊడదీసిన ట్యూబ్ ఉన్న చోట ఒక లెక్కల గుమాస్తా గారు కూర్చునేవారు. తలనొప్పి వస్తోందని ఆయనే ఊడదీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న మామూలు బల్బు దీపం బల్ల మీద పెట్టుకున్నారు. పైవాళ్లు మూడుసార్లు బిగించారు, ఆయన మూడుసార్లు ఊడదీశారు. "చాదస్తం" అన్నారు అందరూ. నేనూ లోపల అదే అనుకున్నాను.

ఆ చోకుతో వెలిగే ట్యూబ్ యాభై హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి వంద సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు. 1989లో ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఆఫీసుల్లోనే పరీక్షించి చూస్తే, ఆ మినుకు లేని హై ఫ్రీక్వెన్సీ ట్యూబ్‌ల కింద తలనొప్పులూ కంటి ఒత్తిడీ సగానికి పైగా తగ్గాయి. అది నా కంటపడే వేళకి గుమాస్తా గారు ఎప్పుడో రిటైరయ్యారు. ఆయన ఎక్కడున్నారో తెలిస్తే వెళ్లి చెప్పి ఉండేవాణ్ణి, మీరు చెప్పింది నిజమేనండీ అని.

*

ఇప్పుడు అద్దం సంగతి.

అప్పట్లో ఆఫీసు గీయడానికి ఒక అచ్చు ఉండేది. కిటికీల వెంబడి అధికారుల గదులు, మధ్యలో మిగిలిన చోట సిబ్బంది బల్లలు. ఎవరూ ప్రశ్నించేవాళ్లు కాదు. అధికారులు సగం రోజు మీటింగుల్లో ఉంటారు, ఆ గదులు ఖాళీగా, వెలుగుతో నిండి ఉంటాయి. రోజంతా కదలకుండా కూర్చునేవాళ్లకి మాత్రం ఆకాశం కనపడదు.

అలాంటి ఒక ఆఫీసుకి మార్పుల కోసం కొలతలు తీస్తున్నాం. మధ్య వరసలో ఒకావిడ బల్ల మీద అరచేయంత గుండ్రటి అద్దం, ఫైళ్ల దొంతరకి ఆనించి, ఒక పక్కకి ఒరిగి ఉంది. ముఖం చూసుకోవడానికనుకుని నేను పుస్తకంలో రాయలేదు. కొలతకి అడ్డమని పక్కకి జరిపాను. ఆవిడ గబుక్కున, "సార్, కదపకండి. మళ్లీ కుదరడానికి చాలాసేపు పడుతుంది," అన్నారు. ఏమిటి కుదిరేది అని అడిగాను. ఆవిడ లేచి నన్ను తన కుర్చీలో కూర్చోమన్నారు.

కూర్చుని చూశాను. వెనక ఎక్కడో, ఒక అధికారి గది తలుపు తెరిచి ఉంటే, ఆ గది కిటికీలోంచి ఒక చెట్టు కొమ్మ ఆ అద్దంలో పడుతోంది. రూపాయి బిళ్లంత ఆకుపచ్చ, గాలికి కదులుతోంది.

"వాన పడుతోందో లేదో తెలుస్తుంది సార్," అన్నారావిడ. అంతే అన్నారు. తలుపు మూసి ఉన్న రోజు ఏం చేస్తారని నేను అడగలేకపోయాను.

రోజర్ ఉల్రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో అచ్చువేసిన పరిశోధన గురించి చాలామంది వినే ఉంటారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీశాడాయన. 46 మంది. సగం మంది కిటికీలోంచి చెట్లు కనపడేవి, సగం మంది కిటికీలోంచి ఇటుక గోడ. చెట్లు కనపడినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. నేను ఆ పేజీలు చదువుతున్నంతసేపూ నాకు ఆసుపత్రి కనపడలేదు. ఆ గుండ్రటి అద్దం కనపడింది.

ఆ ఆఫీసుకి డ్రాయింగు తిరగేసి గీశాను. గదులు మధ్యలోకి, వాటికి గాజు గోడలు. బల్లలు కిటికీల పక్కకి. పై అధికారికి కోపం వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత నన్ను మధ్యలో పడేస్తావా అన్నారు. ఆయన బాధ కూడా నాకు అర్థమైంది. కిటికీ అంటే ఆయనకి వెలుగు కాదు, హోదా. కొలిచి చూపించాను. మబ్బు పట్టిన పగలు కూడా వెలుగుని కొలిచే లక్స్ లెక్కలో బయట వేలల్లో ఉంటుంది, బల్ల మీద రాసుకోవడానికి ఐదు వందలు చాలు, ఈ మధ్య వరసలో అదీ లేదు. మూడు మీటింగులు, బోలెడు టెన్షన్. చివరికి సగానికి ఒప్పుకున్నారు. ఒక వైపు కిటికీలు సిబ్బందికి, ఒక వైపు అధికారులకి.

తర్వాత నేను వెళ్లినప్పుడు ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నారు. అద్దం లేదు.

*

కొత్త ఆఫీసు వాసన అంటే మాకెంతో గర్వంగా ఉండేది. ప్లైవుడ్, జిగురు, పాలిష్, కొత్త కార్పెట్. రాత్రంతా వడ్రంగులు రంపపు పొట్టు ఊడుస్తుంటే, పొద్దున్నే రిబ్బన్ కత్తిరింపు. ఒక ఆఫీసులో మొదటి రోజే నలుగురు ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చున్నారు. కళ్లు మంటలు, గొంతు గరగర. కిటికీలు తెరుద్దామంటే తెరుచుకునేవి కావు, ఏసీ కోసం బిగించేశాం. 1973 చమురు సంక్షోభం తర్వాత కరెంటు ఆదా కోసం చాలా దేశాల్లో భవనాల్ని గాలి చొరకుండా బిగించడం అలవాటైంది. ఆ తర్వాత పదేళ్లకి 'సిక్ బిల్డింగ్ సిండ్రోమ్', అంటే భవనమే మనిషికి జబ్బు తెస్తోందనే మాట, ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికల్లోకి ఎక్కింది. ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు అందులో ఒక ముద్దాయి. అప్పట్నుంచీ పని అయ్యాక కొన్నాళ్లు గాలి ఆడనివ్వాలని ప్రతి చోటా బతిమాలేవాణ్ణి. విన్నవాళ్లు తక్కువ.

*

షాపులు కూడా చాలా చేశాను. అక్కడ లెక్క వేరు. ఆఫీసులో మనిషి పని చేయాలి, షాపులో మనిషి ఆగాలి. గడియారం పెట్టొద్దు, కిటికీ వద్దు, పాట నెమ్మదిగా ఉండాలి అనేవారు. పాట సంగతి ఉత్తమాట కాదు. రొనాల్డ్ మిలిమన్ 1982లో ఒక సూపర్‌మార్కెట్‌లో చేసిన ప్రయోగంలో నెమ్మది సంగీతం పెట్టినప్పుడు జనం నడక తగ్గింది, వేగమైన సంగీతంతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం పెరిగాయి. ఒక షాపు యజమాని కూర్చోవడానికి ఏమీ పెట్టొద్దన్నారు. కూర్చుంటే కొనరని ఆయన నమ్మకం. ప్రారంభం రోజునే ఒక పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆవిడతో వచ్చినవాళ్లంతా బట్టలు చూడడం మానేసి ఆవిడ చుట్టూ నిలబడ్డారు. మర్నాడు యజమానే ఫోన్ చేసి బెంచీ కావాలన్నారు.

బట్టలు వేసి చూసుకునే గదుల్లో దీపం నెత్తి మీద పెడితే కళ్ల కింద నీడలు పడి మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. అద్దానికి రెండు పక్కలా దీపాలు పెట్టాలి. ఇంత చిన్న విషయం ఇప్పటికీ చాలా షాపుల్లో చేయరు. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

*

ఒక తప్పు మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

ఒక పెద్ద ఆఫీసు. రెండు విభాగాల మధ్య పొడుగాటి వరండా, దాని చివర మంచినీళ్ల ఫిల్టర్, పక్కనే వెడల్పాటి కిటికీ గట్టు. గ్లాసు పట్టుకుని వచ్చినవాళ్లు ఆ గట్టుకి చేరబడేవాళ్లు. అక్కౌంట్స్ వాళ్లు, స్టోర్స్ వాళ్లు, అటెండర్లు, ఒక్కోసారి మేనేజరు గారు కూడా. గట్టు మీద పెయింట్ అరిగిపోయి చెక్క బయటపడింది. అది నా రెండో పుస్తకంలో ఉంది. నా చేత్తోనే రాశాను: "గట్టు అరిగింది." రాసి, చదవలేదు.

వాళ్లకి రికార్డు గది కావాలి. ఇంకా సీట్లు కావాలి. అప్పట్లో ప్రతి ఆఫీసూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, ఎన్ని సీట్లు పడతాయి? రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1968లో హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీకి చేసిన అడ్డుపలకల ఆఫీసు చూడండి. మనిషి లేచి నిలబడాలి, తిరగాలి, కావలసినట్టు మార్చుకోవాలి అని ఆయన పలకల్ని 120 డిగ్రీల కోణంలో విప్పారినట్టు పెట్టమన్నాడు. కొన్నవాళ్లు 90 డిగ్రీలకి మూసేశారు, ఎక్కువ మంది పడతారని. అలా పుట్టాయి డబ్బాల్లాంటి క్యుబికల్స్. నేనూ అలాగే మూసినవాణ్ణే. వరండా చివర రికార్డు గది గీశాను. ఎవరి నీళ్లు వాళ్లకి దగ్గర్లోనే ఉండాలని రెండు విభాగాల్లోనూ ఫిల్టర్లు పెట్టాను. నాకు అది సౌకర్యంగా తోచింది.

కొన్ని నెలల తర్వాత బిల్లు పని మీద వెళ్లాను. ఆఫీసు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. అక్కడ చాలా ఏళ్లుగా ఉన్న అటెండర్ నన్ను చూసి, "అన్నీ బాగానే ఉన్నాయండి. ఇదివరకు నేను తిప్పే కాగితాలు ఇన్ని ఉండేవి కావు," అన్నాడు. ఇదివరకు గట్టు దగ్గర రెండు మాటల్లో తేలిపోయేవన్నీ ఇప్పుడు నోట్లు రాసుకుని, సంతకాలు పెట్టుకుని, అతని చేతిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. స్టోర్స్‌లో ఒకాయన భార్య చనిపోతే అక్కౌంట్స్ వాళ్లకి వారం దాకా తెలియలేదట. ఆ మాట విన్నాక నాకు కాళ్లాడలేదు. రికార్డు గది తాళం తీయించి లోపలికి వెళ్లాను. ర్యాకుల వెనక ఆ గట్టు అలాగే ఉంది, అరిగిన చెక్కతో.

2018లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే ఇద్దరు అచ్చువేసిన పరిశోధన చదివినప్పుడు కూడా ఆ అటెండరే గుర్తొచ్చాడు. గోడలు తీసేసి అంతా తెరిచేసిన రెండు కంపెనీల్లో మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకోవడం 70 శాతం దాకా తగ్గి, ఈమెయిళ్లు పెరిగాయట. అక్కడ తెరిచారు, నేను మూశాను. రెండు చోట్లా మాటే తగ్గింది. గోడలు తీసినంత మాత్రాన మనుషులు కలవరు. ఆగి, చేరబడి, ఇంకొకరు వినకుండా రెండు నిమిషాలు మాట్లాడుకునే చోటు ఉండాలి. ఆ తర్వాత నేను గీసిన ప్రతి డ్రాయింగులోనూ ఒక వెడల్పు గట్టు ఉంది. ఎందుకు, చోటు దండగ అని ఎవరైనా అడిగితే దాన్ని కొట్టేయనివ్వకుండా పోట్లాడాను. ఆ ఆఫీసుకి మాత్రం దాన్ని తిరిగి ఇవ్వలేకపోయాను.

*

మొన్న ఆ హాల్లో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే, అలవాటు కొద్దీ కళ్లు చుట్టూ తిరిగాయి. ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి భుజాల చుట్టూ శాలువా కప్పుకుని ఉంది. ఆమె నెత్తి మీద ఏసీ గాలి వచ్చే జాలీకి ఒక అట్టముక్క, నాలుగు వైపులా టేపు. టేపు అంచులు నల్లబడ్డాయి, చాన్నాళ్లయి ఉండాలి. ఆఫీసుల్లో ఎంత చల్లదనం ఉండాలనే లెక్క 1960లలో నలభై ఏళ్ల, డెబ్భై కిలోల మగమనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టినదని 2015లో ఒక పరిశోధన వచ్చింది. ఆ అమ్మాయిని ఆ లెక్క కట్టినవాళ్లెవరూ చూడలేదు.

నేను పైకి చూడడం గమనించి ఆమె కంగారుపడింది. "తీసేయమంటారా సార్? బాగా చలేస్తోందని నేనే పెట్టించుకున్నాను," అంది. నన్ను ఎవరనుకుందో.

"తీయకమ్మా. కానీ ఆ జాలీ రెక్కలు తిరుగుతాయి, తెలుసా?"

తెలియదంది. గాజు తుడిచే కుర్రాడి దగ్గర చిన్న నిచ్చెన ఉంది. అతన్ని పిలిచి, అట్ట విప్పించి, రెక్కలు గోడ వైపు ఎలా తిప్పాలో కింద నుంచి చెప్పాను. మొరాయించాయి. రెండోసారికి కదిలాయి. ఆమె కుర్చీలో కూర్చుని, చెయ్యి పైకెత్తి గాలి చూసుకుంది. శాలువా కాస్త వదులు చేసింది.

అట్టముక్కని మాత్రం పారేయలేదు. టేపు ఊడదీసి, దుమ్ము దులిపి, సొరుగులో పెట్టుకుంది.